ఎర్ర దారం డబ్బా

జూన్ 3

వంటమామకు,

నేను బాగున్నాను. నువ్వు పొయ్యి ముందు చెమటలు కక్కుతూ, పక్కవాళ్ళని కసురుతూ బాగానే ఉంటావని నాకు తెలుసు. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనకు. ఫోన్‌లో నీ వెనక గిన్నెల మోత, నా వెనక పిల్లల ఏడుపు. ఇద్దరం "ఆఁ, సరే సరే" అనుకుని పెట్టేస్తాం. కాగితం మీదైతే నువ్వు నా మాట చివరిదాకా వినక తప్పదు.

ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. నూలుమిల్లు వెనక వరస ఇళ్ళున్నాయి. ఇంటికి ఒకటే గది, ఒకటే పొయ్యి. ఉతికిన బట్టల మీద కూడా దూది నలుసులే. నా పని ఏమిటని అమ్మ ఇప్పటికీ అడుగుతోంది, నువ్వైనా అర్థమయ్యేలా చెప్పు. ఆరు నెలలు నిండిన పిల్లలకి తల్లిపాలు మానకుండానే ఇంకా ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎలా పెట్టాలో తల్లులకి నేర్పడం. వినడానికి ఇంతే. ఇక్కడ అందరూ పెట్టేది జావే. అది ఎంత పలచగా ఉంటుందంటే గిన్నె అడుగున గీతలు లెక్కపెట్టుకోవచ్చు. బిడ్డ పొట్ట గుప్పెడంత ఉంటుంది కదా, దాన్ని నీళ్ళతో నింపేస్తే ఇక తిండికి చోటెక్కడ?

మొదటి క్లాసులో నేను నోరు తెరవగానే ఒకామె, "నీకెంతమంది పిల్లలమ్మా?" అంది. ఇంకా పెళ్ళి కాలేదన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండి, ఆ ఊపులో గట్టి ముక్కలూ పల్లీలూ పసివాళ్ళ గొంతులో అడ్డం పడితే ఏమవుతుందో నటించి చూపించాను. గొంతు పట్టుకుని, కళ్ళు తేలేసి, చాప మీద దబ్బున పడ్డాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నీ నాటకాల పిచ్చి నాకూ అంటుకుందని అమ్మ అనేది నిజమే.

ఒక పిల్ల ఉంది. పిల్లల పేర్లు బయట చెప్పకూడదని మా నియమం, అందుకని పిచ్చుక అనుకుందాం. చెంచా కనిపిస్తే చాలు, మొహమంతా నోరే అవుతుంది. దానికి తొమ్మిదో నెల. వాళ్ళమ్మ మిల్లులో తెగిన దారాలు అతుకుతుంది. నేను చేరిన నెలలో పిచ్చుక బరువు ఆరు కిలోల మూడు వందలు. తర్వాతి నెల కూడా అంతే. ఎదుగుదల కార్డు మీద అందరి గీతలూ ఎంతో కొంత పైకి పోతుంటే దీనిది పడుకుని ఉంది. నాకు దిగులుగా ఉంది మామయ్యా.

ఒక్క పొయ్యి మీద, తొందరగా, ఉండలు కట్టకుండా, చిక్కటి జావ కాచే పద్ధతి రాసి పంపు.

నీ గడుగ్గాయి


జూన్ 9

గడుగ్గాయికి,

నీ ఉత్తరం వచ్చేసరికి చేతులు పిండిలో ఉన్నాయి. అలాగే జవాబు రాస్తున్నాను, అందుకే ఈ కవరు మీద వేలిముద్రలు. అవి నావే, పోస్టువాణ్ణి అనుమానించకు.

పిల్లల్లేరని నిన్ను నవ్వారా? నేను ఈ బస్సు డిపో క్యాంటీన్లో రోజూ నాలుగు వందల మందికి వండుతాను. వాళ్ళలో ఒక్కణ్ణి కూడా నేను కనలేదు. ఈసారి ఎవరైనా అడిగితే మా మామయ్య సంగతి ఇదీ అని చెప్పు.

జావ సంగతి. నలభై కిలోల బియ్యానికి ఇరవై కిలోల పప్పు, అని రాయబోయి ఆగాను. రెండు గిన్నెల బియ్యానికి ఒక గిన్నె పప్పు. విడివిడిగా దోరగా వేయించాలి. కలిపి వేయిస్తే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది. చల్లారాక మెత్తగా దంచి, తడి తగలని డబ్బాలో పోసి పెట్టుకుంటే పదిహేను రోజులకి చింత లేదు. కాచేటప్పుడు పిండిని ముందు చన్నీళ్ళలో కలిపి అప్పుడు పొయ్యి ఎక్కించమను. మరిగే నీళ్ళలో పిండి పోసేవాళ్ళకే ఉండలు కట్టేది. దించేముందు ఒక చెంచా నూనె. ఆకుకూర గానీ గుడ్డు గానీ ఉంటే బాగా ఉడికించి, మెత్తగా మెదిపి కలపాలి.

అయిందో లేదో చూడడానికి గడియారం అక్కర్లేదు. చెంచా నిండా తీసుకుని పక్కకి వంచు. జావ చెంచాని పట్టుకుని ఉండాలి. జారి పారిపోయిందంటే అది జావ కాదు, గిన్నె కడిగిన నీళ్ళు.

మీ అమ్మ బాగుంది. నువ్వు చిక్కిపోయినట్టు కలలో కనిపించావట. పిల్లలకి తిండి నేర్పేదానివి, నువ్వు ముందు తిను.

నీ వంటమామ


జూన్ 20

మామయ్యకు,

నీ చెంచా పరీక్ష ఇక్కడ ఆటైపోయింది. తల్లులంతా ఇంటి దగ్గర కాచిన జావ గిన్నెలతో క్లాసుకి వచ్చి ఒకరి ముందు ఒకరు చెంచాలు వంచుతున్నారు. జారిందంటే ఇక ఆమె పని అయిపోయినట్టే, అందరూ ఏడిపిస్తారు. పిచ్చుక తల్లి జావ అందరికంటే బాగుంది. చెంచా తలకిందులు చేసినా కదల్లేదు. నేను అందరికీ చూపించి మెచ్చుకున్నాను.

ఎల్లుండి తూకం అనగా ఎంత సంతోషంగా ఉన్నానో. మొన్న తూకం అయింది. పిచ్చుక మళ్ళీ ఆరు కిలోల మూడు వందలే. మూడో నెల.

మామయ్యా, నేను చేసిన పని చెబితే నువ్వు తిడతావు. చెప్పకుండా ఉండలేను. కాటా మీద పిల్ల ఉండగానే, ఇరవై మంది చూస్తుండగా వాళ్ళమ్మని అడిగేశాను. "నిజం చెప్పు. ఇక్కడ చూపించేది ఒకటి, ఇంట్లో పెట్టేది ఒకటీనా?" అన్నాను. ఆమె, "రోజూ పొద్దున్నే కాచి డబ్బా నిండా పెట్టే పనికి పోతున్నానండీ" అంది. "డబ్బా నిండా తింటే పిల్ల ఇలా ఎందుకుంటుంది?" అన్నాను. ఆమె పిల్లని తీసుకుని, గౌను కూడా తొడక్కుండా కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నోట్లో నాలుక లేని మనిషి.

మా పెద్ద నర్సు కార్డు చూసి, వచ్చే నెల తూకంలో కూడా గీత లేవకపోతే పిల్లని పెద్దాసుపత్రిలో చేర్చక తప్పదంది. అక్కడ రెండు మూడు వారాలు తల్లి కూడా ఉండాలి. అన్ని రోజులు రాకపోతే మిల్లులో ఆమె యంత్రం దగ్గర ఇంకొకరిని పెట్టేస్తారు. ఆ ఇంట్లో పనిచేసేది ఆమె ఒక్కతే. ఇప్పుడు క్లాసుకి రావడమే మానేసింది. తలుపు కొడితే పక్కింటామె వచ్చి లేదంటోంది. లోపల పిల్ల గొంతు వినిపిస్తూనే ఉంది.

ఇక్కడ నా వల్ల కావట్లేదు. ఏం చెయ్యాలో తోచట్లేదు.

గడుగ్గాయి


జూన్ 26

బంగారు తల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ వల్ల కావట్లేదని రాశావే, అది నా గుండెలో గుచ్చుకుంది. పరాయి ఊళ్ళో ఒక్కదానివి ఎందుకు అంత బాధపడడం? అందుకని నిన్ననే మా మేనేజరుని అడిగాను. క్యాంటీన్ కూపన్ల కిటికీ దగ్గర మనిషి కావాలట. ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది, మధ్యాహ్నం నా చేతి భోజనం. వచ్చే నెల పదిహేనో తారీఖు నుంచి వస్తుందని చెప్పేశాను. ఆయన ఒప్పుకున్నాడు. పెట్టె సర్దుకుని వచ్చెయ్.

నీకు ముక్కు మీద కోపం, అది మీ అమ్మది. ఆ తల్లిని అలా అనకుండా ఉండాల్సింది. అయిందేదో అయింది.

నీ వంటమామ


జూన్ 30

మామయ్యా,

కూపన్ల కిటికీ దగ్గర కూర్చుంటానని నీతో ఎప్పుడన్నాను? కష్టంగా ఉందని చెప్పుకుంటే పారిపోతానన్నట్టేనా? ఇక్కడ ఆ పిల్ల బరువు పెరగక నేను కొట్టుకుంటుంటే నువ్వు నాకు ఫ్యానూ కుర్చీ చూస్తున్నావు. నన్ను అడక్కుండా మాట ఇచ్చేశావు. ఆ వెనక వరసలో నవ్వినవాళ్ళూ నువ్వూ ఒకటే, ఈ పిల్లకి ఏమీ చేతకాదని మీ అందరి నమ్మకం.

మేనేజరు గారికి రావడం లేదని చెప్పు. నా గురించి నువ్వేమీ కంగారు పడనక్కర్లేదు.

నీ మేనకోడలు


జూలై 1

గడుగ్గాయికి,

ముందటి ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోపు ఇంకో సంగతి గుర్తొచ్చి కూర్చున్నాను. నిన్న పప్పు తిరగేస్తుంటే తట్టింది. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా నీ దగ్గర నాకు దాపరికమేమిటి.

నాకు ఇరవయ్యేళ్ళప్పుడు ఇదే క్యాంటీన్లో వడ్డించేవాడిగా చేరాను. అప్పట్లో పెద్ద వంటాయన ఉండేవాడు. ఆయన చేసిన పప్పులో గరిటె నిలబెడితే నిలబడేది. కానీ పళ్ళాల్లోకి వచ్చేసరికి నీళ్ళలా ఉందని డ్రైవర్లందరూ గోల. మేనేజరు ఆయన్ని రోజూ తిట్టేవాడు. పప్పు ఇంటికి మోసుకుపోతున్నావా అని అందరి ముందూ అడిగాడు. ఆయన నెల రోజులు తల వంచుకుని పడ్డాడు.

ఆ నీళ్ళు పోసింది నేను. చిక్కటి పప్పు గరిటెకి పట్టుకుని ఒక పట్టాన దిగదు. ఎదురుగా నాలుగు వందల మంది, బయట బస్సుకి టైమైపోతోందని ఈలలు. కేటిల్లోంచి వేడినీళ్ళు కాసిని పోస్తే చకచకా జారేది, వరస కదిలేది. నేను దొంగని కాదు. తప్పు చేస్తున్నానని కూడా నాకు తోచలేదు. ఆయన తిట్లు తింటుంటే మాత్రం తెలిసింది. అప్పటికి నోరు విప్పే ధైర్యం లేదు.

పట్టుకున్నది మీ అమ్మ. అప్పట్లో డిపోలో బస్సులు కడిగేది కదా. ఒకరోజు పళ్ళెం నా మొహం ముందు పెట్టి, "తమ్ముడూ, ఇది తినేదా, చెయ్యి కడుక్కునేదా?" అంది. వరసంతా విన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నన్ను కొట్టలేదు. రెండో గరిటె కొనిపించి, రెండో మనిషిని పక్కన నిలబెట్టాడు.

ఎందుకు చెబుతున్నానంటే, పిచ్చుక తల్లి జావ నువ్వు నీ కళ్ళతో చూశావు. చెంచా తలకిందులు చేసినా కదల్లేదన్నావు. మరి ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిల్లులో ఉంటుందిగా? ఆ వేళ చెంచా ఎవరి చేతిలో ఉంటోంది? తిండి తేడా చేసినప్పుడు వండినవాళ్ళ మీద అరవడానికి ముందు వడ్డించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడు.

వంటమామ


జూలై 8

మామయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండానే వెళ్ళిపోయినట్టున్నాయి. నేను కోపంగా రాసింది నీకు చేరిన రోజే నీ పప్పు కథ నాకు చేరి ఉంటుంది. ముందు ఆ ఉత్తరానికి క్షమించు. అలిగి ఉంటావు, నాకు తెలుసు. అలక తర్వాత, ఇది ముందు చదువు.

ఇన్నాళ్ళూ నేను ఆ ఇళ్ళకి సాయంత్రం, షిఫ్టు దిగాక వెళ్ళేదాన్ని. తల్లులు అప్పుడే కదా ఉండేది. మధ్యాహ్నం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మొన్న నీ ఉత్తరం చదివి, గొడుగు తీసుకుని పన్నెండింటికి వెళ్ళాను.

వరస చివరి గదిలో ఒక అవ్వ ఉంటుంది. తల్లులు పనికి పోతే పిల్లల్ని చూసేది ఆవిడే. చాప మీద ఆరుగురు. గోడ వారగా ఆరు డబ్బాలు. ఎవరిది ఎవరిదో తెలియడానికి మిల్లు దారం ముక్కలు కట్టి ఉన్నాయి, తెల్లది, నీలం, పసుపు. పిచ్చుక డబ్బాకి ఎర్ర దారం. అవ్వ నన్ను చూసి రా అనలేదు, పో అనలేదు. కేటిల్ తీసుకుని వరసగా మూతలు తీసి ప్రతి డబ్బాలోనూ నీళ్ళు పోసింది. మూత బిగించి గలగల ఊపింది. గ్లాసులోకి వంచి, పిచ్చుకని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని తాగించింది. పిచ్చుక అంత నోరూ తెరిచి గటగట తాగి, పొట్ట ఉబ్బి, అక్కడే నిద్రపోయింది. మిగిలింది గ్లాసు కడిగిన నీళ్ళతో పాటే పారబోసింది.

"అదేంటవ్వా, అన్ని నీళ్ళు పోశావు?" అన్నాను.

"గొంతులో అడ్డం పడదూ? నువ్వే చెప్పావటగా."

"నేనా?"

"కళ్ళు తేలేసి పడిపోయి చూపించావట. ఆ రోజు తల్లులంతా వచ్చి నాకు ఒకటే చెప్పడం. నేను ఒక్కదాన్ని, వీళ్ళు ఆరుగురు. ఒకళ్ళకి అడ్డం పడితే మిగతా అయిదుగురిని ఎవరికిచ్చి పరిగెత్తను? తాగేలా చేస్తే ఏ భయమూ లేదు. ఇదిగో, ఇది మరీ మంచి పిల్ల. ఏడవనే ఏడవదు, తాగి పడుకుంటుంది."

అక్కడే గడప మీద కూర్చున్నాను. పల్లీల గురించి నేను పెట్టిన భయం జావ దాకా వచ్చింది. మిగతా అయిదుగురి తల్లుల్లో ముగ్గురు మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చి పాలిచ్చి వెళ్తారట, ఇద్దరికి ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, రెండు పూటలు అక్కడ తింటారు. పిచ్చుక తల్లి పనిచేసేది మిల్లులో అవతలి చివర, గంటలో వచ్చి పోలేదు. పిచ్చుకకి పగలంతా ఆ డబ్బానే దిక్కు. ఆమె చిక్కగా కాస్తోంది. నేను ఆమెని దొంగని చేశాను.

సాయంత్రం మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె నన్ను చూసి పక్కకి తప్పుకోబోయింది. వెంట నడుస్తూనే అంతా చెప్పాను. తప్పు నాదని చెప్పాను. ఆమె నడక ఆపింది. తర్వాత, "డబ్బా రోజూ ఖాళీగా వచ్చేదండీ. అంతా తినేసిందని సంతోషపడేదాన్ని" అంది. మామయ్యా, ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

నన్ను క్షమించు అన్నాను. ఆమె మెల్లగా, "మీరు నన్నన్నది ఇరవై మంది ముందు కదండీ. ఇప్పుడు నా ఒక్కదానికే చెబుతున్నారు" అంది. నేరుగా కళ్ళలోకి చూసి మరీ అంది. నోట్లో నాలుక లేదని రాశాను చూడు, అది కూడా నా తప్పే.

తూకం ఇరవై ఏడున. అవ్వ ఏమో క్లాసుకి రానంటోంది. నేను పుట్టకముందు నుంచి పిల్లల్ని పెంచుతోందట. ఏం చెయ్యమంటావు?

నీ గడుగ్గాయి, ముక్కు మీద ఏమీ లేకుండా


జూలై 13

గడుగ్గాయికి,

అలిగాను. వారం రోజులు. మీ అమ్మ నీ ఉత్తరం చదివి, "పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?" అంది. అప్పటి నుంచి ఆవిడ మీద కూడా అలిగాను. అంతలో నీ రెండో ఉత్తరం వచ్చింది. దాంతో ఇక అలగడానికి తీరిక లేకపోయింది. కూపన్ల కిటికీలో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. అడక్కుండా మాటివ్వడం నాది తప్పు. ఒప్పుకున్నాను, ఇక దెప్పకు.

అవ్వని ఏమీ అనలేదు కదా? మంచి పని చేశావు. ఆవిడ చేస్తున్నది నేను చేసిందే, కాకపోతే నేను వరస కదలాలని చేశాను, ఆవిడ ప్రాణభయంతో చేసింది. ఆవిడ క్లాసుకి రాకపోతే నీ క్లాసునే ఆవిడ చాప మీదికి తీసుకుపో. మధ్యాహ్నం పన్నెండింటికి. నేర్పుతానని వెళ్ళకు. నీ చేతులు కడుక్కుని, ఒక పిల్లని ఎత్తుకుని, ఏ పిల్ల ఎలా తింటుందో చెప్పవ్వా అని అడుగు. నువ్వు పుట్టకముందు నుంచి ఆవిడ చేస్తున్న పని అది.

ఇంకోటి. ఆరుగురికీ ఒకే బంతిలో పెట్టాలని చూస్తే ఆవిడే కాదు, నేనైనా నీళ్ళు పోస్తాను. ఇద్దరిద్దరు చొప్పున మూడు బంతులు. మొదటి బంతి తింటుంటే మిగతావాళ్ళకి ఆడుకోవడానికి ఖాళీ చెంచాలు ఇవ్వండి. అందరికంటే ఆకలిగా ఉన్నదాన్ని ముందు కూర్చోబెట్టాలి, అందరికంటే నెమ్మదిగా తినేదాన్ని చివర. ఇది నా ముప్పై ఏళ్ళ చదువు.

ఇక ఆ తల్లి అడిగింది న్యాయమే. ఇరవై మంది ముందు అన్నదాన్ని ఇరవై మంది ముందే దిగమింగాలి. నేను ఆ పెద్దాయన కాళ్ళు వంటగదిలో పట్టుకున్నాను, ఎవరూ చూడలేదు. ఆయన పోయేదాకా కొందరు ఆయన్ని పప్పు దొంగ అనే అనుకున్నారు. అది నాకు ఇప్పటికీ తీరని బాధ. నీకు ఇంకా సమయం ఉంది.

నీ వంటమామ


జూలై 27

మామయ్యా,

ఈ ఉత్తరం పొద్దున మొదలుపెడుతున్నాను. పదింటికి తూకం. చేతులు ఊరికే ఉండనంటున్నాయి, అందుకని రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు క్లాసు సంగతి. ఇరవై మందీ ఉన్నారు, పిచ్చుక తల్లి తలుపు దగ్గర నిలబడింది. మళ్ళీ గొంతు పట్టుకుని, కళ్ళు తేలేసి, చాప మీద దబ్బున పడ్డాను. లేచి, "ఈ నాటకం ఆడి మీ అందరినీ భయపెట్టింది నేను. ఆ భయం వల్లే జావలో నీళ్ళు పడ్డాయి. నేర్చుకున్నాక ఈవిడ ఒక్కరోజు కూడా పలచగా కాయలేదు. అందరి ముందూ అనకూడని మాట అన్నాను, అందరి ముందూ తప్పు ఒప్పుకుంటున్నాను" అన్నాను. మొదటి రోజు నన్ను పిల్లలెంతమంది అని అడిగినామె, "పడడం మటుకు పోయినసారే బాగా పడ్డావు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పిచ్చుక తల్లి నవ్వలేదు గానీ లోపలికి వచ్చి కూర్చుంది.

అవ్వ దగ్గరికి రోజూ మధ్యాహ్నం వెళ్ళాను. మొదటి మూడు రోజులు చిక్కటి జావ చెంచా చూస్తే ఆవిడ కేటిల్ వైపు చెయ్యి చాపేది. పిల్లని నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చివర కొంచెం పెట్టి, మింగేదాకా ఆగి, మళ్ళీ పెట్టి చూపించాను. ముక్కలు వేరు, మెత్తగా మెదిపింది వేరు అని ఆవిడ వేళ్ళతోనే నలిపించాను. ఒకవేళ అడ్డం పడితే ఏం చెయ్యాలో గుడ్డబొమ్మ మీద పదిసార్లు చేయించాను. ఆ తర్వాత గానీ ఆవిడకి ధైర్యం రాలేదు. వచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. మూడు బంతులు పెట్టింది, పిచ్చుక మొదటి బంతి. నిన్న నేను కాస్త తొందరపడితే, "ఆగు, అది ఇంకా మింగలేదు. నీకు ఎవరు నేర్పారు?" అని నన్నే కసిరింది. పొద్దున్నే డబ్బాలు తెచ్చే తల్లుల్ని నిలబెట్టి చెంచా వంచి చూస్తోంది. జారితే డబ్బా వెనక్కి పంపేస్తోంది. కేటిల్‌ని పొయ్యి వెనక దాచేసింది.

పావుతక్కువ పది. వెళ్తున్నాను.

*

మధ్యాహ్నం.

మామయ్యా, ఆరు కిలోల ఆరు వందల యాభై.

నమ్మలేక గౌను విప్పించి మళ్ళీ తూచాను. కాటా సున్నా దగ్గరుందో లేదో పెద్ద నర్సు చూసింది. మూడోసారి కూడా అంతే. పిచ్చుకకి మటుకు విసుగొచ్చి కాటా అంచు కొరకడం మొదలుపెట్టింది. పెద్ద నర్సు ఆసుపత్రి కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది. మళ్ళీ పదిహేను రోజులకి తూచమంది, కానీ చేర్చే పని లేదంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, అక్కడే ఏడ్చాను. ఇరవై మంది ముందు ఏదో ఒకటి చెయ్యడం నాకు అలవాటైపోయింది.

కార్డు మీద గీత గియ్యడానికి పెన్ను తీశాను. పిచ్చుక తల్లి చెయ్యి చాపి, "నేను గీస్తానండీ" అంది. ఎక్కడి నుంచి ఎక్కడికో వేలితో చూపించాను. ఆమె తెగిన దారం అతికేటప్పుడు ఎలా ఊపిరి బిగపడుతుందో అలా బిగపట్టి, పోయిన నెల చుక్క నుంచి ఈ నెల చుక్కకి మెల్లగా గీసింది. మూడు నెలలు పడుకున్న గీత లేచింది. అప్పుడు నవ్వింది మామయ్యా. అవ్వ ఆ కార్డు తిప్పి తిప్పి చూసి, చదువు రాకపోయినా, "పైకే పోయింది" అని అందరికీ చెప్పింది.

వెళ్తూ వెళ్తూ పిచ్చుక తల్లి నన్ను నీ గురించి అడిగింది. వడ్డించేవాళ్ళ దగ్గర నిలబడమన్నది మా మామయ్యే అని చెప్పాను. నువ్వు పప్పులో నీళ్ళు పోసిన సంగతి కూడా చెప్పాను, కోప్పడకు. ఆమె డబ్బాకున్న ఎర్ర దారం విప్పి ఇచ్చింది. పాత డబ్బా ఇక చాలడం లేదట, రేపటి నుంచి పెద్దది తెస్తుంది, దానికి కొత్త దారం కడుతుందట. "ఇది ఆయనకి పంపండి" అంది. ఎందుకని నేనడగలేదు. కవర్లో పెట్టాను, చూసుకో.

నీ గడుగ్గాయి


ఆగస్టు 2

నా గడుగ్గాయికి,

నీ ఉత్తరం పొయ్యి ముందు నిలబడే చదివాను. ఆరువందల యాభై దగ్గరికి వచ్చేసరికి పప్పు అడుగంటింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. నాలుగు వందల మంది మాడు వాసనతో తిన్నారు. ఏమిటిది అని అడిగినవాళ్ళందరికీ మా మేనకోడలి ఊళ్ళో ఒక పిల్ల మూడు వందల యాభై గ్రాములు పెరిగిందని చెప్పాను. ఒక్కరు కూడా గొణగలేదు. ఒక డ్రైవరు రెండోసారి వడ్డించమన్నాడు.

మీ అమ్మకి చదివి వినిపించాను. నువ్వు ఏం పని చేస్తావో ఇప్పుడు ఆవిడకి అర్థమైంది. వీధిలో అందరికీ తనే చెబుతోంది.

ఇంకో పని కూడా చేశాను. నువ్వు చాప మీద రెండోసారి పడ్డావని చదివాక నాకు ఇక ఊరుకోబుద్ధి కాలేదు. నిన్న మధ్యాహ్నం భోజనాల మధ్యలో గంట కొట్టి, ఆ పెద్ద వంటాయన దొంగ కాదనీ, ఆ నీళ్ళు పోసింది నేననీ అందరికీ చెప్పాను. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు అయిదారుగురే మిగిలారు. వాళ్ళలో ఒక ముసలి మెకానిక్కు తినడం ఆపి, "ఇన్నాళ్ళకా?" అన్నాడు. ఇన్నాళ్ళకే అన్నాను. ఆయన పళ్ళెం చాపాడు, ఇంకో గరిటె వేశాను.

దారం అందింది. ఆ తల్లి ఎందుకు పంపిందో నాకు తెలుసు. వడ్డన గరిటె పిడికి కట్టాను. వడ్డించే కుర్రాళ్ళు ఇదేమిటని అడుగుతున్నారు. ఎర్ర దారం ఉన్న గరిటెతో నీళ్ళు కలిపినది వడ్డించకూడదని చెప్పాను.

నీ వంటమామ